వేస్ట్ ఎవరు? (వాడ నుంచి రాస్తున్నా – 17)

దోస్తులారా, పోయిన ఆదివారం హాస్టల్ మెస్ గురించి రాసినప్పుడు ఒక చెల్లె ఇన్‌బాక్స్‌లోకి వచ్చింది. మెకానికల్ ఫైనలియర్. "అన్నా, ఇంటర్న్‌షిప్‌లో నాకు లీన్ ప్రాజెక్ట్ ఇచ్చారు. హౌస్‌కీపింగ్‌లో మ్యాన్‌పవర్ ఎట్ల తగ్గించాలో చూడమన్నారు. మంచి టాపికేనా?" అని అడిగింది.

మూడు రోజులు జవాబివ్వలేదు. బిజీగా ఉండి కాదు. అదే టాపిక్ మీద నేను ప్రాజెక్ట్ చేశాను. ప్రైజు కూడా కొట్టాను. ఈ పేజీలో పదహారు భాగాలు రాశాను గానీ ఆ సంగతి ఎక్కడా చెప్పలేదు. ఊరి పెద్దల గురించి, ప్రొఫెసర్ల గురించి, పార్టీల గురించి రాయడం తేలిక. మన చేత్తో మనం చేసినదాని గురించి రాయడమే కష్టం.

ముందు లీన్ అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో టొయోటా కంపెనీ దివాళా అంచుకు వచ్చింది. 1950లో సుమారు 1,600 మందిని తీసేస్తామంటే కార్మికులు సమ్మె చేశారు. చివరికి కంపెనీ అధినేత కీచిరో టొయోడానే రాజీనామా చేసి దిగిపోవలసి వచ్చింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మన మేనేజ్‌మెంట్ పాఠాల్లో సాధారణంగా రాదు. ఆ కంపెనీలోనే తాయిచి ఓనో అనే ఇంజనీరు షాప్‌ఫ్లోర్ మీద నిలబడి, ఏ పని వస్తువుకు విలువ కలుపుతుంది, ఏది ఊరికే పోతుంది అని విడదీసి చూశాడు. ఊరికే పోయేదానికి 'ముదా' అని పేరు. ఏడు రకాలుగా లెక్కపెట్టాడు: అవసరానికి మించి తయారుచేయడం, ఎదురుచూడటం, సరుకును అటూ ఇటూ మోయడం, అక్కర్లేని పని చేయడం, స్టాకు పేరబెట్టడం, మనిషి ఊరికే కదలడం, పాడైన సరుకు. ఈ పద్ధతికి 'లీన్' అనే ఇంగ్లీషు పేరు 1988లో అమెరికాలో జాన్ క్రాఫ్‌సిక్ రాసిన ఒక వ్యాసంతో వచ్చింది. 1990లో వచ్చిన ఒక పుస్తకంతో ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు హైదరాబాద్ చుట్టూ ఏ ఫ్యాక్టరీకి పోయినా గేటు దాటగానే 5ఎస్ బోర్డు కనిపిస్తుంది.

కానీ ఓనో పాఠంలో ముదాతో పాటు ఇంకో రెండు మాటలున్నాయి. ఒకటి 'మురా', అంటే పనిలో హెచ్చుతగ్గులు. రెండోది 'మురి', అంటే మనిషి మీదగానీ మిషను మీదగానీ మోయలేనంత బరువు పెట్టడం. ఈ మూడింటినీ కలిపి తీసేయాలి. నాకు ట్రైనింగ్ ఇచ్చిన సారు రెండు రోజుల క్లాసులో ముదా గురించి ఒకటిన్నర రోజు చెప్పాడు. మురి అన్న మాట ఒక స్లైడ్ మీద ఒకసారి వచ్చి పోయింది. అంతలో లంచ్ టైమ్ అయింది.

ఇక నా కథ.

డిప్లొమా అయిపోగానే ఆటో విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ట్రైనీగా చేరాను. పేరు చెప్పను, పేరుతో పనిలేదు. ప్రెస్ షాప్. రేకులు కోసి, వంచి, గుద్ది బ్రాకెట్లు చేస్తారు. అదే కంపెనీలో మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, హౌస్‌కీపింగ్‌లో పనిచేసేది. కాంట్రాక్టర్ కింద. నేను చేరిన మొదటి రోజే గేటు దగ్గర కనిపించి పక్కకు పిలిచింది. "బిడ్డా, మనం సుట్టాలమని ఎవ్వరికి జెప్పకు. నీ నౌకరికి మంచిది కాదు" అన్నది. నేను సరే అన్నాను. సరే అనడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, అదే నన్ను ఇప్పటికీ పొడుస్తుంది. పధ్నాలుగు నెలలు మా చిన్నమ్మ నన్ను సార్ అని పిలిచింది. నేను పలికాను.

ఆ ఏడు కైజెన్ పోటీ పెట్టారు. కైజెన్ అంటే చిన్న చిన్న మార్పులతో పని మెరుగుపరచడం. ట్రైనీలందరూ ఒక్కో ప్రాజెక్ట్ చేయాలి. ప్రొడక్షన్ లైను మీద చేయాలంటే సీనియర్ ఆపరేటర్లు ఒప్పుకోరు, యూనియన్ ఉంది, గొడవవుతుంది. మా సారు సలహా ఇచ్చాడు: "హౌస్‌కీపింగ్ తీసుకో. ఈజీ. ఎవరూ అడగరు."

ఎవరూ అడగరు. ఈ రెండు మాటల్లో దేశమంతా ఉంది.

స్టాప్‌వాచ్ పట్టుకుని వారం రోజులు ఆరుగురు ఆడవాళ్ళ వెంట తిరిగాను. ఊడ్చిన సేపు, తుడిచిన సేపు, ఊరికే నిలబడిన సేపు, నడిచిన సేపు రాశాను. తర్వాత ప్లాంటు మ్యాపు మీద వాళ్ళు నడిచిన దారంతా గీతలుగా గీశాను. గీతలన్నీ చిక్కుబడి ముద్దలా కనిపిస్తాయి కాబట్టి స్పఘెట్టి డయాగ్రమ్ అంటారు. మేం సేమ్యా డయాగ్రమ్ అని నవ్వుకునేవాళ్ళం. అందరికంటే పొడుగు గీతలు మా చిన్నమ్మవి. షాప్ నుంచి స్క్రాప్ యార్డ్ వెనక్కు, మళ్ళీ షాప్‌లోకి, మళ్ళీ యార్డ్ వెనక్కు. ఎర్ర పెన్నుతో గీశాను, నీట్‌గా.

రిపోర్టులో తేల్చింది ఏమిటంటే, షిఫ్టులో మూడో వంతు టైము నడకకు, ఎదురుచూపుకు పోతోంది, ఆరుగురి పని నలుగురు చేయగలరు. చివరి స్లైడ్ మీద ఏడాదికి ఇంత మిగులు అని పెద్దక్షరాల్లో ఒక అంకె. మొదటి ప్రైజు వచ్చింది. సర్టిఫికెట్, కంపెనీ బొమ్మ ఉన్న గోడ గడియారం. నెల తిరక్కుండా కాంట్రాక్టర్ ఇద్దరికి రేపటి నుంచి రావద్దని చెప్పాడు. ఒకామె వయసు మీద పడిన మనిషి. రెండో ఆమె మా చిన్నమ్మ. ఎక్కువ నడిచింది ఆమే కదా.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చాయ్ తాగింది. అప్పుడడిగింది: "నా అడుగులన్ని గీసినవు గద బిడ్డా. గంత దూరం ఎందుకు నడుస్తున్నవు చిన్నమ్మా అని ఒక్కపారన్న అడగకపోతివి."

ఓనో నేర్పినదాంట్లో ఇంకొకటి ఉంది. ఏ తప్పు కనిపించినా 'ఎందుకు?' అని ఐదుసార్లు అడగాలి. మొదటి జవాబు దగ్గర ఆగితే రోగం దొరకదు, లక్షణమే దొరుకుతుంది. పరీక్షలో ఈ ప్రశ్నకు నాకు ఫుల్ మార్కులొచ్చాయి. చిన్నమ్మ విషయంలో ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అడుగుతాను, మీరూ నాతో రండి.

ఎందుకు అంత నడిచింది? నీళ్ళకు, టాయిలెట్‌కు యార్డ్ వెనక్కు పోవాలి. ఎందుకు? షాప్ పక్కనే ఉన్న టాయిలెట్, వాటర్ కూలర్ పర్మినెంట్ వాళ్ళవి, స్టాఫువి. హౌస్‌కీపింగ్ వాళ్ళు వాటిని కడగాలి, వాడకూడదు. ఎందుకు? బోర్డు ఏం లేదు, రూలు ఏం లేదు, ఒకసారి ఒకామె కూలర్ దగ్గర నీళ్ళు పట్టుకుంటే ఎవరో సూపర్‌వైజర్‌కు చెప్పారు, అప్పటి నుంచి ఎవరూ పోరు. ఎందుకు చెప్పారు? ఆమె చేతులు ఏం పని చేసే చేతులో అందరికీ తెలుసు. ఆ పనికి ఆ చేతులే ఎందుకొచ్చాయి? ఆరుగురిలో ఐదుగురు మా వాడల నుంచే ఎందుకున్నారు?

ఐదో 'ఎందుకు' దగ్గర కులం కూర్చుని ఉంది. నా డయాగ్రమ్ మీద గీసిన ఎర్రగీతలు కదలిక వృథా కాదు. అవి అంటరానితనం మ్యాపు. నా చేత్తో గీసి, నేనే చదవలేకపోయాను. పరిష్కారం ఎంత చిన్నదో చూడండి: పక్కనున్న టాయిలెట్ వాడుకోనిస్తే సగం గీతలు మాయమయ్యేవి. ఆ పరిష్కారం నా రిపోర్టులో లేదు. మనుషుల్ని తీసేయడం ఉంది.

ఇంకో సంగతి. ఆ మిగులు అంకెలో ఏముందో తర్వాత కూర్చుని విడదీశాను. ఒక్క కిలో రేకు మిగల్లేదు. ఒక్క యూనిట్ కరెంటు మిగల్లేదు. ఒక్క పాడైన బ్రాకెట్ తగ్గలేదు. అంకె మొత్తం ఇద్దరు ఆడవాళ్ళ ఏడాది జీతం. వాళ్ళ జేబులోంచి తీసి కంపెనీ జేబులో వేశాను, దానికి వేస్ట్ తగ్గింపు అని పేరు పెట్టాను. పోనీ పనైనా తగ్గిందా? అదే ఫ్లోరు, అదే నూనె, అదే దుమ్ము. ఆరుగురి పని నలుగురి నడుం మీద పడింది. దాని పేరే మురి. ఏ స్లైడ్ చూపించకుండా లంచ్‌కు పోయారో ఆ స్లైడే.

నిజమైన వేస్ట్ ఆ షాపులో లేదా అంటే బోలెడు ఉండేది. రేకు మీద బ్లాంకులను దగ్గర దగ్గరగా సర్దక మిగిలిపోయే స్క్రాపు. డై మార్చడానికి పట్టే గంటలు. ఇదే పనిని నిమిషాల్లోకి తెచ్చే పద్ధతిని షిగియో షింగో అనే జపాన్ ఇంజనీరు ఎప్పుడో చూపించాడు. అన్నిటికంటే ముఖ్యం, ఒక పాత హైడ్రాలిక్ ప్రెస్ నూనె కార్చేది. దాని కింద రోజూ రంపపు పొట్టు పోసి తుడిచేది చిన్నమ్మే. ఏ రోజు ఎక్కువ కారుతుందో, ఏ పక్క నుంచి కారుతుందో ఆమెకు తెలుసు. "ఆ మిషినుకు ఏదో రోగముంది" అని ఒకసారి మెయింటెనెన్స్ అతనికి చెప్పిందట. అతను నవ్వాడట. ఆమె పోయిన రెండు నెలలకు ఆ ప్రెస్ సిలిండర్ సీలు పోయి షిఫ్టు మొత్తం లైను నిలిచిపోయింది.

5ఎస్‌లో మూడో ఎస్ 'సెయిసో', ఊడ్చి తుడిచి శుభ్రం చేయడం. జపాన్ పాఠంలో దానర్థం అద్దంలా మెరిపించడం ఒక్కటే కాదు. శుభ్రం చేయడమంటే తనిఖీ చేయడం. ఎవరి మిషను వాళ్ళే తుడవాలి, ఎందుకంటే తుడిచే చేతికే వదులైన బోల్టు, కారే నూనె, కొత్త పగులు తగులుతాయి. అక్కడ ఆపరేటర్ చేతిలో గుడ్డ ఉంటుంది. మన దగ్గర? ఆపరేటర్ మిషను నడుపుతాడు, గుడ్డ ముట్టడు. గుడ్డ పట్టిన మనిషి మిషను గురించి మాట్లాడకూడదు. తెలిసినవాళ్ళకు నోరు లేదు, నోరున్నవాళ్ళకు తెలియదు. జపాన్ నుంచి బోర్డులన్నీ తెచ్చుకున్నాం, చీపురు ఎవరు పట్టాలన్న విషయంలో మాత్రం మన ధర్మం మనదే.

దీన్ని అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పాడు. కులమంటే శ్రమ విభజన అని సమర్థించేవాళ్ళకు, అది శ్రామికులనే విభజించడమని, పైగా మెట్లు కట్టి విభజించడమని జవాబిచ్చాడు. అక్కడితో ఆగలేదు. పరిశ్రమ ఎప్పుడూ ఒకేలా ఉండదు, మారుతూ ఉంటుంది, మనిషి తన పని మార్చుకునే స్వేచ్ఛ లేకపోతే ఆర్థికంగా కూడా ఆ ఏర్పాటు నష్టమేనని వాదించాడు. ఎంబీఏ క్లాసుల్లో ఎఫిషియెన్సీ గురించి చెప్పేటప్పుడు ఆ నాలుగు పేజీలు చదివించాలి. చదివించరు. అంబేద్కర్ అంటే వాళ్ళకు రిజర్వేషన్ల చాప్టరే. 1946లో కార్మిక శాఖ చూసిన మనిషిగా ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించే బిల్లు పెట్టిందీ ఆయనే.

ఇప్పుడు చట్టం దగ్గరకొద్దాం. లా చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ భాగం జాగ్రత్తగా చూడండి. 1948 ఫ్యాక్టరీల చట్టం తీసి 'కార్మికుడు' అన్న మాటకు నిర్వచనం చదవండి. తయారీ పని చేసేవాళ్ళతో పాటు, తయారీ జరిగే చోటును, మిషన్లను శుభ్రం చేసేవాళ్ళు కూడా కార్మికులే అని ఉంటుంది. అంటే స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు చట్టానికి చిన్నమ్మ కనిపించింది.

2003కి రండి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాంట్రాక్టు కార్మికుల చట్టానికి సవరణ తెచ్చింది. కోర్ పనుల్లో కాంట్రాక్టు లేబర్‌ను పెట్టకూడదని ఒక మాట చెప్పి, మామూలుగా ఏవి కోర్ పనులు కావో ఒక జాబితా ఇచ్చింది. ఆ జాబితాలో మొట్టమొదటిది ఏమిటో తెలుసా? పారిశుధ్య పనులు. ఊడ్వడం, తుడవడం, దుమ్ము దులపడం, అన్ని రకాల చెత్తనూ ఎత్తి పారేయడం. తర్వాత వాచ్‌మెన్, క్యాంటీన్, లోడింగ్ అన్‌లోడింగ్, తోటపని. అదే జాబితా 2020లో కేంద్రం చేసిన వృత్తి భద్రత కోడ్‌లోకి ఎక్కింది. 2025 నవంబర్ 21 నుంచి అది దేశమంతా అమల్లోకొచ్చింది. మన నేల మీద పుట్టిన జాబితా ఇప్పుడు అందరికీ చట్టం.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మీటింగ్ హాల్లో చెప్పేది, వేస్ట్ తీసేయడమే మా కంపెనీ ప్రాణం అని. చట్టంలో రాయించుకున్నది, వేస్ట్ తీసే మనిషి మా కంపెనీ మనిషే కాదు అని. వేస్ట్ మీద స్లైడ్ చేసినవాడికి గడియారం. వేస్ట్ ఎత్తినామెకు రేపటి నుంచి రావద్దు. ఏది కోర్, ఏది కాదు అన్న గీత ఎక్కడ గీశారో చూస్తే అది ఊరికీ వాడకూ మధ్య ఉన్న గీతలాగే లేదూ? నాకైతే తేడా కనిపించడం లేదు.

కొందరు అన్నలు అంటారు, "జపాన్‌లో కులం లేదు కాబట్టి అక్కడ లీన్ పనిచేసింది" అని. పొరపాటు. జపాన్‌లో బురాకు ప్రజలున్నారు. చచ్చిన పశువులు, తోళ్ళు, చెప్పులు, శవాల పనులు చేసినందుకు తరతరాలుగా వెలిగా ఉంచబడ్డవాళ్ళు. 1975లో బయటపడిన సంగతి ఏమిటంటే, బురాకు వాడలు ఎక్కడెక్కడున్నాయో రాసిన రహస్య జాబితాలను పెద్ద పెద్ద కంపెనీలు కొనుక్కుని, ఉద్యోగానికి వచ్చినవాడు ఏ వాడ వాడో చూసుకునేవి. 200కు పైగా కంపెనీలు కొన్నాయి. ఇక టొయోటా లైను సంగతి కావాలంటే సతోషి కమాతా అనే జర్నలిస్టు 1970ల మొదట్లో సీజనల్ కూలీగా ఆరు నెలలు అక్కడ చేసి రాసిన పుస్తకం ఉంది. కన్వేయర్ వేగం మనిషి ఒళ్ళును ఏం చేస్తుందో అందులో చదవండి. కాబట్టి జపాన్‌ను దేవుణ్ణి చేయకండి. అక్కడి కార్మికులు 1950లో కొట్లాడి కొంత సాధించుకున్నారు, మనకు ఆ కొట్లాట లేకుండా స్టాప్‌వాచ్ ఒక్కటే వచ్చింది. నేను చెప్పేది అంతే.

స్టాప్‌వాచ్ ఒక్కటే వస్తే ఏమవుతుందో మానేసర్‌లో చూశాం. మారుతి ప్లాంట్‌లో నిమిషం లోపే ఒక కారు బయటికొస్తుందని, టీకి, టాయిలెట్‌కు కలిపి ఏడు నిమిషాలే ఇస్తారని కార్మికులు 2011 సమ్మెల్లో చెప్పారు. 2012 జూలై 18న హింస జరిగి ఒక హెచ్ఆర్ అధికారి చనిపోయాడు. ఆ చావును నేను సమర్థించను. కానీ ఆ రోజు గొడవ మొదలైంది ఒక దళిత కార్మికుణ్ణి సూపర్‌వైజర్ కులం పేరుతో తిట్టడం వల్లనని యూనియన్ చెప్పింది, మేనేజ్‌మెంట్ కాదంది. 2017లో 13 మందికి యావజ్జీవం పడింది, 117 మంది నిర్దోషులుగా బయటికొచ్చారు, వాళ్ళలో చాలామంది ఏళ్ళకేళ్ళు జైల్లో మగ్గాకే. ఆ ఏళ్ళు ఏడు వేస్టుల్లో ఏ వేస్టు కింద రాయాలి?

వేస్ట్ గురించి మాకు పాఠం చెప్పేవాళ్ళకు మా తాత గురించి చెప్పాలి. మేము మాదిగలం. ఊళ్ళో గొడ్డు చస్తే కబురు తాతకే. చర్మం తీసి, సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్కతో ఊనేవాడు. చెప్పులు, మోటబొక్కెన, కాడికి తోలుపట్టెలు, డప్పు. మాంసం వాడకు. కొమ్ములు, ఎముకలు కొనుక్కునేవాళ్ళు వచ్చి తీసుకుపోయేవాళ్ళు. ఊరు పారేసినదాంట్లో ఒక్క ముక్క పారేయకుండా విలువ చేసిన మనిషి. ఆ మోటబొక్కెనతోనే ఊరి పొలాలు తడిశాయి. దీనికి ఇప్పుడు జీరో వేస్ట్, సర్క్యులర్ ఎకానమీ అని పేర్లు పెట్టి సెమినార్లు చేస్తున్నారు. తాతకు మాత్రం సెమినార్ లేదు, కళ్ళం కాడ తూర్పారబట్టగా మిగిలిన గింజలే.

అయితే ఇక్కడ జారిపోవద్దు. "చూశారా, మీ కులవృత్తి ఎంత గొప్పదో" అని తలకెత్తుకునేవాళ్ళు వెంటనే వస్తారు. 1956 అక్టోబర్‌లో నాగ్‌పూర్ ఉపన్యాసంలో అంబేద్కర్ ఈ లెక్కనే ప్రస్తావించాడు. చచ్చిన పశువులను మోయడం మానేస్తే అంటరానివాళ్ళకు కొమ్ములు, గిట్టలు, ఎముకల మీద వచ్చే ఆదాయం పోతుందని 'కేసరి' పత్రికలో ఎవరో లెక్క వేసి రాశారు. అంత లాభమైతే మీరే చేసుకోండి, ఆ డబ్బు మేమిస్తాం అన్న తీరులో ఆయన జవాబిచ్చాడు. లాభం లెక్క చూపించి మన చేత బలవంతపు పని చేయించడం కొత్తేం కాదు. 2016లో ఉనాలో చచ్చిన ఆవు తోలు ఒలిచినందుకు మనవాళ్ళను కట్టేసి కొట్టినప్పుడు గుజరాత్ దళితులు ఏం చేశారు? పశువుల కళేబరాలు తెచ్చి కలెక్టరేట్ ముందు పడేశారు. టొయోటాలో లైను పక్కన ఒక తాడు వేలాడుతుంది, తప్పు కనిపిస్తే ఏ కార్మికుడైనా లాగి లైను ఆపవచ్చు. గుజరాత్‌లో మనవాళ్ళు లాగింది ఆ తాడునే. ఎవరూ వాళ్ళకు ఇచ్చింది కాదది.

ఇంకో ప్రశ్న. కంపెనీ లోపల తగ్గిన వేస్ట్ ఎటు పోతుంది? పటాన్‌చెరు వైపు నుంచి ఈ రాతలు చదివేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, నక్కవాగు చెబుతుంది. మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే అక్కడి ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ప్రచురించారు. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. గేటు లోపల ఖర్చు తగ్గింది, గేటు బయట బావి చచ్చింది. 1985లో కారంచేడులో గొడవ ఎక్కడ మొదలైందో గుర్తుంది కదా, మాదిగలు తాగే చెరువు నీళ్ళ దగ్గర, గేదె కుడితి బకెట్ కడిగిన దగ్గర. మురికి ఎప్పుడూ పల్లానికే పారుతుందంటారు. పల్లంలో ఎవరిని పెట్టారో కూడా చెప్పాలి కదా.

భోపాల్ సంగతి కూడా ఒక్క మాటలో. 1984 డిసెంబర్‌లో గ్యాస్ లీకవడానికి ముందే అక్కడ ఖర్చు తగ్గింపు మొదలైంది. విషపు ట్యాంకును చల్లగా ఉంచే ఫ్రిజ్ వ్యవస్థను ఆపేశారు, ఆ యూనిట్ సిబ్బందిని సగానికి కోసేశారు. అకౌంట్స్ పుస్తకంలో అవి మిగులే. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగి 50 మందికి పైగా పోయినప్పుడు, లోపల ఎవరెవరున్నారో తేలడానికే రోజులు పట్టింది. గంటలు గంటలు స్టాప్‌వాచ్‌తో కొలిచే పరిశ్రమకు మనుషుల పేర్లు చేతిలో లేవు. ఆ తర్వాత వారం తిరక్కుండానే తెలంగాణ ప్రభుత్వం పది గంటల పని దినానికి జీవో ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ అంతకు నెల ముందే నిర్ణయం తీసుకుంది.

"అయితే లీన్ వద్దంటావా అన్నా?" అని అడుగుతారు. నేను అనను. స్క్రాపు తగ్గితే మంచిదే. నూనె కారడం ఆగితే మంచిదే. ఎక్కువ బరువు మోయకుండా ట్రాలీ పెడితే, వంగకుండా బల్ల ఎత్తు పెంచితే, దానికంటే కావలసిందేముంది? నా పంచాయితీ ఒక్కటే. మిగిలిన నిమిషం ఎవరిది? చిన్నమ్మ పనిలో ఇరవై నిమిషాలు మిగిలితే ఆ ఇరవై నిమిషాలు ఆమె కూర్చోవడానికి ఎందుకు రాకూడదు? మిగులు అనగానే మనిషిని తీసేయాలన్న జవాబు ఎవరు రాశారు? టొయోటానే 2001లో తన పద్ధతిని రాసుకున్నప్పుడు రెండు స్తంభాలు పెట్టుకుంది, నిరంతరం మెరుగుపరచడం ఒకటి, మనుషుల పట్ల గౌరవం రెండోది. ఆచరణ సంగతి వేరు, కనీసం రాసుకుంది. మనవాళ్ళు ఒక స్తంభం మీదే పందిరేశారు.

చెల్లెకు చివరికి ఇట్లా రాశాను. ప్రాజెక్ట్ వదులుకోకు. నువ్వు వదిలితే ఇంకొకడు చేస్తాడు, నాలాగే. టైటిల్ మార్చమని అడుగు: హౌస్‌కీపింగ్‌లో మనుషుల తగ్గింపు కాదు, పని భారం తగ్గింపు. స్టాప్‌వాచ్ పట్టుకునే ముందు నీ పేరు, నీ ఊరు చెప్పి, వాళ్ళ పేర్లు అడుగు. డయాగ్రమ్ గీసినాక ప్రతి పొడుగు గీత పక్కనా ఎందుకో రాయి, వాళ్ళ నోటితో వచ్చిన మాటే రాయి. టాయిలెట్ ఎంత దూరమో అడుగులు లెక్కపెట్టి రాయి. నీళ్ళు ఎక్కడ తాగుతారో, అన్నం ఎక్కడ కూర్చుని తింటారో రాయి. ఏ మిషను కారుతుందో వాళ్ళనే అడుగు, సెయిసో కింద ఆ జవాబులు పెట్టు. మిగులు అంకె దగ్గర, అది సరుకులో మిగిలిందా, జీతంలో కోసిందా అని రెండు కాలమ్‌లు వేరుగా వెయ్యి. కాంట్రాక్టర్ చేసే సౌకర్యాలు సరిగ్గా లేకపోతే అసలు యజమానే బాధ్యుడని 1970 కాంట్రాక్టు చట్టంలోనే ఉండేది, కొత్త కోడ్‌లో ఏముందో మీ కాలేజీ లా ఫ్రెండ్స్‌తో కూర్చుని చదువు. మార్కులు తగ్గొచ్చు. గైడ్ మొహం మాడ్చుకోవచ్చు. చూసుకుందాం.

ఆమె ఒక్క లైనులో జవాబిచ్చింది: "అన్నా, ఆ పది మందిలో ఒకరు మా మేనత్త."

చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. తర్వాత కాల్ చేశాను. ముందు ఆమెను మేనత్తా అని అందరి ముందు పిలువమని చెప్పాను. పిలిచిందట. షాపులో ఒకరిద్దరు తలతిప్పి చూశారట. రిపోర్ట్ వచ్చే నెల. ఏమైందో ఇక్కడే రాస్తాను.

మా చిన్నమ్మ ఇప్పుడు ఇంకో కంపెనీలో చేస్తోంది, అదే పని, ఇంకో కాంట్రాక్టర్ కింద. నా ప్రైజు గడియారం వాళ్ళింట్లోనే ఉంది. నేను పారేస్తానంటే "మంచిగ నడుస్తుంటె ఎందుకు పారేస్తవు" అని తీసుకుపోయింది. వ్యాన్ తప్పిపోకుండా పది నిమిషాలు ముందుకు పెట్టుకుంది.

జై భీమ్.